మధుమేహము – గోలీలు – దేహపు బరువు

బంట్వారములో మా అత్తవారింట వంటగది గూటిలో ఒక పాత బిస్కట్ల డబ్బా యుండెడిది. దానిలో బిస్కట్లు లేవు. మధుమేహమునకు వేసికొను గోలీలుండెడివి. ఆ డబ్బా ఒక్కరిది కాదు, ఇద్దరు తోడికోడండ్రది. మొదట మా అత్తగారికి ఈ వ్యాధి బయటపడినది. పట్నములో ఒక వైద్యుడు పరీక్షించి గోలీలు వ్రాసి యిచ్చెను. మరుసటి యేట మా చిన్నత్తగారికిని చక్కెర యున్నదని తేలినది. "ఒక్క ఇంట్ల ఒక్కటే బీమారి. మళ్ల ఇంకో డాక్టరెందుకు, ఇంకో ఫీజెందుకు?" అని మా అత్తగారు తమ చీటీనే మందుల దుకాణమునకు పంపి, ఇద్దరికి చాలునన్ని తెప్పించుట మొదలు పెట్టిరి. ప్రొద్దున జొన్నరొట్టె తినబోవు ముందు ఆమెయు, రొట్టెలన్నియు కాల్చి పొయ్యి దింపిన పిమ్మట ఈమెయు ఆ డబ్బాలో చేయిపెట్టి తలకొక గోలీ తీసికొనెడివారు. ఆరేండ్లు ఇట్లే గడచినవి.

మా అత్తగారు స్థూలకాయులు. గోలీలు పట్టిన తరువాత మఱికొంత ఒళ్లు వచ్చినది. చిన్నత్తగారు మొదటినుండియు బక్కపలుచని మనిషి. కందిచేనిలో దిగినచో కనబడరని ఇంటిల్లిపాదియు పరిహాసము చేసెడివారము. ఏడవ యేట ఇద్దరికిని చక్కెర మరల పెరుగజొచ్చినది. అత్తగారికి మెల్లమెల్లగా పెరిగినది. చిన్నత్తగారికి అట్లు కాదు. మూడు నెలలు తిరుగునప్పటికి రవికెలు భుజములనుండి జారిపోవునంత చిక్కిపోయిరి. రాత్రులు నాలుగైదు పర్యాయములు లేచుట, తలాపున చెంబెడు నీళ్లు పెట్టుకొనుట, అవియు చాలకపోవుట. ఒకనాడు నన్ను పిలిచి, "బిడ్డా, నా గోలీలు సచ్చిపోయినయే" అనిరి.

ఆ మాట విని మేమేమి చేసితిమో చెప్పుటకు నాకిప్పటికిని సిగ్గగుచున్నది. చాటుగా బెల్లము తినుచున్నారనుకొంటిమి. ఆమె కంచములోని అన్నము సగము తగ్గించితిమి. పాలలో చక్కెర మాన్పించితిమి. ఆమె మాఱు పలుకక తినుట తగ్గించుకొనిరి, మఱింత చిక్కిరి. చుట్టుపక్కలవారు "బరువు తగ్గినవు, మంచిదే గదా చక్కెరకు" అని మెచ్చుకొనిరి కూడ. ఒకే డబ్బాలోని ఒకే గోలీ ఒకరి బరువును పెంచుచు, ఇంకొకరు ఎండిపోవుచుండగా ఊరకుండుటేమని అడుగవలెనని మాలో ఒక్కరికిని తోచలేదు. ఇంటింట గోలీలడబ్బా యున్న యీ దినములలో అట్టి ప్రశ్న తోచని యిల్లు మా దొక్కటియే కాదని యెంచి, ఆ తరువాత నేను చదివి, విని, అడిగి తెలిసికొన్నది మీ ముందుంచుచున్నాను.

మన పూర్వులకు ఈ భేదము తెలియకపోలేదు. చరకసంహిత చికిత్సాస్థానమున ప్రమేహరోగులను రెండు తెగలుగా విభజించి, బలిష్ఠుడగు స్థూలుడొకడు, దుర్బలుడగు కృశుడొకడు అని చెప్పి, మొదటివానికి శోధనమును, రెండవవానికి దేహపుష్టి నొసగు చికిత్సను విధించినది. అనగా లావైన వానిని తగ్గింపుము, బక్కవానిని పోషింపుము అని. మేము బక్కవారిని మఱింత తగ్గించితిమి. అది పాత శాస్త్రమునకును విరుద్ధమే, క్రొత్త శాస్త్రమునకును విరుద్ధమే.

క్రొత్త శాస్త్ర మేమనుచున్నదో చూతము. మన కడుపులో జీర్ణాశయమునకు వెనుకవైపున క్లోమము అను గ్రంథి కలదు. దానిలోని బీటా కణములు ఇన్సులిన్ అను రసమును స్రవించును. తిన్న యన్నమునుండి రక్తములోనికి వచ్చిన చక్కెరను కండలలోనికిని, కాలేయములోనికిని చేర్చునది యిదియే. పెద్దవారికి సాధారణముగా వచ్చు రెండవ రకపు మధుమేహములో రెండు లోపములు ఒకదానితో నొకటి పెనగొనియుండును. ఒకటి, క్రొవ్వు పేరుకొన్న కాలేయమును, కండలును ఇన్సులిన్ మాటను వినకపోవుట. రెండవది, క్లోమము తగినంత ఇన్సులిన్‌ను ఇయ్యలేకపోవుట. మా ప్రాంతపు భాషలో చెప్పవలెనన్న, చేనికి దాహము పెరుగుట మొదటిది, బోరుబావిలో ఊట తగ్గుట రెండవది. చెఱకు వేసిన చేనికి ఎంత ఊటయైనను చాలదు. ఊటయే యెండినచో జొన్నచేను సైత మెండును. స్థూలకాయులలో తఱచుగా దాహపు పాలు హెచ్చు, కృశించినవారిలో ఊట కొఱత హెచ్చు. ఏ యింట ఎవరికి ఏది యెంత పాలున్నదో తెలియకుండ ఒకే మోటారు బిగించుటయే మేము చేసిన పని.

మా డబ్బాలోని గోలీలో రెండు మందులు కలిసియుండెను: మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్. మన దేశమున ఈ జోడు మిక్కిలి వాడుకలో నున్నది. ఈ రెంటి పుట్టుక కథలు వేఱు, నడత వేఱు, దేహపు బరువుతో వాటికిగల సంబంధము మఱియు వేఱు.

గ్లిమిపిరైడ్ చేరిన తెగకు మూలపురుషుడు మధుమేహపు మందే కాదు. 1942లో ఫ్రాన్సు దేశపు మోంపెల్యే నగరమున జాన్‌బాన్ అను వైద్యుడు సన్నిపాతజ్వరమునకు ఒక గంధక సంబంధమైన మందు నిచ్చి చూచుచుండెను. జ్వరము సంగతి యెట్లున్నను, రోగులకు రక్తములో చక్కెర అకస్మాత్తుగా పడిపోవుటయు, కొందఱు మరణించుటయు జరిగినది. లూబాత్యేర్ అను శాస్త్రజ్ఞుడు దానిని పట్టుకొని కుక్కలపై పరీక్షించెను. క్లోమము తీసివేసిన కుక్కలలో ఆ మందు పనిచేయలేదు. కాబట్టి ఆ మందు తాను చక్కెరను తగ్గించునది కాదనియు, క్లోమమును కొట్టి లేపి ఇన్సులిన్‌ను బయటికి తీయించునదనియు తేలినది. సల్ఫొనైల్‌యూరియాలను తెగ యిట్లు పుట్టినది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్, గ్లిమిపిరైడ్ ఈ తెగవే. ఊటయున్నంతవఱకు మోటారు నీరు తోడును. ఊట లేని బావిలో మోటారు గాలినే తోడును.

మెట్‌ఫార్మిన్ కథ దీనికి భిన్నము. ఐరోపాలో గలీగ అను మొక్కను పూర్వము మధుమేహ లక్షణములకు వాడెడివారు. దానిలోని ద్రవ్యముతో దగ్గఱి చుట్టరికము గల యీ మందును 1922లో డబ్లిన్ నగరమున వెర్నర్, బెల్ అను రసాయన శాస్త్రజ్ఞులు తయారు చేసిరి. కెనడాలో మొదటిసారి ఒక బాలునికి ఇన్సులిన్ ఇచ్చిన సంవత్సరమును అదియే. ఇన్సులిన్ దేశదేశముల పేరు మ్రోగుచుండగా ఈ మెట్‌ఫార్మిన్‌ను ఎవరును పట్టించుకొనలేదు. ముప్పదియైదేండ్ల పిమ్మట, 1957లో, పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ దానిని రోగులకిచ్చి ఫలితములు ప్రకటించెను. ఇది క్లోమమును కొట్టదు. కాలేయము రాత్రింబవళ్లు రక్తములోనికి విడుచు చక్కెరను తగ్గించును. చేని దాహమును తగ్గించు మందన్నమాట.

ఇక బరువు మాట. ఇన్సులిన్ ఎక్కువ స్రవించినచో దేహము దాచుకొను గుణము పెరుగును. అంతకు ముందు మూత్రములో పోవుచున్న చక్కెర యిప్పుడు ఒంటిలో నిలుచును. చక్కెర పడిపోయి కండ్లు తిరిగినప్పుడెల్ల ఏదో యొకటి తినవలసివచ్చును. ఈ మూటి వలన సల్ఫొనైల్‌యూరియాలతో బరువు కొంత హెచ్చును. మెట్‌ఫార్మిన్‌తో పెరుగదు, కొందఱికి కొంచెము తగ్గును. మా అత్తగారికి ఒళ్లు వచ్చుటకు కారణము "ఇంట్ల కూసొని తినుడు" మాత్రమే కాదని అప్పుడు నాకు తెలిసినది. పాపము, ఎన్ని మాటలు పడిరో!

గోలీలు ఎన్నాళ్లు పనిచేయును? ఈ ప్రశ్నకు ఊహగా గాక లెక్కగా బదులు చెప్పిన మొదటి గొప్ప పరిశోధన బ్రిటనులో జరిగినది. 1977లో ప్రారంభమై ఇరువదేండ్లు సాగి, 1998లో ఫలితములు వెలువడినవి. క్రొత్తగా వ్యాధి కనబడిన 5,102 మందిని చేర్చుకొనిరి. వారు కనుగొన్న దేమనగా, వ్యాధి బయటపడు దినముననే క్లోమపు శక్తి సగము తఱిగియుండును. ఆ పిమ్మటయు ఏటేట తఱుగుచునేయుండును. ఒక్క మందుతోనే చక్కెరను హద్దులో నుంచుకొనగలిగినవారు మూడేండ్లకు సగము మంది, తొమ్మిదేండ్లకు నాలుగవ వంతు మాత్రమే. కాబట్టి ఆఱేడేండ్లకు గోలీ చాలకపోయినదన్న, అది రోగి దొంగతనముగా తినినందువలననే యని తీర్పు చెప్పుటకు వీలులేదు. మా యింటి తీర్పును కొట్టివేయుటకు ఈ యొక్క లెక్కయే చాలును.

ఆ పరిశోధనలోనే బరువెక్కువగలవారిని వేఱుచేసి 342 మందికి మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూచిరి. పథ్యమే ప్రధానముగా నడచిన వారితో పోల్చగా, మధుమేహ సంబంధమైన మరణములు వీరిలో నూటికి 42 పాళ్లు తక్కువ. స్థూలకాయులకు మొదటి మందు మెట్‌ఫార్మిన్ కావలెనను ఆచారము అప్పటినుండియే స్థిరపడినది. పదేండ్ల కాలమున గ్లిబెన్‌క్లమైడ్ వాడినవారు పథ్యమువారికంటె సుమారు 1.7 కిలోలు, ఇన్సులిన్ వాడినవారు 4 కిలోలు అధికముగా బరువెక్కిరి.

రెండవ పరిశోధన 2006లో వెలువడినది. అమెరికా, కెనడా, ఐరోపా దేశములలో 4,360 మంది క్రొత్త రోగులకు మూడు గోలీలలో ఏదో యొకటి యిచ్చి, ఏది యెన్నాళ్లకు ఓడిపోవునో చూచిరి. అయిదేండ్లకు గ్లిబెన్‌క్లమైడ్ నూటికి 34 మందిలోను, మెట్‌ఫార్మిన్ 21 మందిలోను, రోసిగ్లిటజోన్ 15 మందిలోను చాలకపోయెను. బరువు చూడగా రోసిగ్లిటజోన్ వాడినవారు 4.8 కిలోలు పెరిగిరి, మెట్‌ఫార్మిన్ వారు 2.9 కిలోలు తగ్గిరి, గ్లిబెన్‌క్లమైడ్ వారు మొదటి యేటనే 1.6 కిలోలు పెరిగి అక్కడ నిలిచిరి.

ఇక్కడ చదువరులు ఒక్కక్షణ మాగవలెను. అన్నిటికంటె ఎక్కువ కాలము నిలిచిన గోలీయే అన్నిటికంటె ఎక్కువ బరువు పెంచినది! కాబట్టి బరువు పెరిగిన ప్రతి గోలీయు త్వరగా ఓడిపోవునను సూత్రము కట్టరాదు. ఆ రోసిగ్లిటజోన్ చక్కెరను చక్కగా నిలిపినను గుండెకు కీడు చేయునను అనుమానము బలపడి, 2010లో మన దేశమున నిషేధింపబడినది. చక్కెర అంకె యొక్కటియే చూచి మందు మంచిచెడ్డలు నిర్ణయింపరాదని దీనివలన తెలియుచున్నది. బరువును అట్లే, అది ఒక సాక్షి, తీర్పరి కాదు.

2022లో ప్రకటింపబడిన మఱియొక అమెరికా పరిశోధనలో మెట్‌ఫార్మిన్ వాడుచున్న 5,047 మందికి రెండవ మందు చేర్చి సగటున అయిదేండ్లు చూచిరి. చేర్చినది గోలీయైనను, సూదియైనను, నూటికి 71 మందిలో చక్కెర మరల హద్దు దాటెను. ఏ మందును శాశ్వతము కాదు. మూడు నెలల కొకసారి హెచ్.బి.ఎ.వన్.సి. అను సగటు చక్కెర పరీక్ష చేయించుకొని, మందు మార్చవలసిన వేళ ఆలసింపక మార్చుకొనుట తప్ప వేఱు ఉపాయము లేదు. మేము ఆఱేండ్లలో ఒక్కసారియు చిన్నత్తగారికి ఆ పరీక్ష చేయింపలేదు. గోలీ యున్నది గదా యను ధైర్యము.

ఈ లెక్కలన్నియు తెల్లవారి దేహములమీద కట్టినవని, మనకెట్లు చెల్లునని ఎవరైన అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. మన దేహతత్త్వము కొంత వేఱు. పూనాలో డాక్టరు యాజ్ఞిక్ అను వైద్యశాస్త్రజ్ఞుడు, ఇంగ్లండులో డాక్టరు యూడ్కిన్ అను మిత్రుడు, ఇద్దరును ఒక ఛాయాచిత్రము తీయించుకొని 2004లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. ఎత్తుకు తగిన బరువు లెక్క ఇద్దరికిని సరిగా సమానము, 22.3. కాని దేహములోని క్రొవ్వు కొలిచి చూడగా ఇంగ్లీషువానికి నూటికి 9.1 పాళ్లు, మన యాజ్ఞిక్‌గారికి 21.2 పాళ్లు! కాటా మీద సమానులు, లోపల రెట్టింపునకు పైగా భేదము. చూచుటకు సన్నము, లోన క్రొవ్వు. భారతీయులలో పలువురి దేహలక్షణ మిదియే.

దీనికి మూలము తల్లికడుపులోనే యున్నదనుటకు సాక్ష్యము మనకు దూరమున లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు నగర సమీపమున 29 గ్రామములను ఎన్నుకొని, 1987 మొదలు 1990 వఱకు వాటిలో 15 గ్రామముల గర్భిణులకును, పసిబిడ్డలకును మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టించిరి. మిగిలిన గ్రామములలో అప్పటికి పెట్టలేదు. ఆ బిడ్డలు పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల ప్రాయమునకు వచ్చిన పిమ్మట పరీక్షింపగా, ఉప్మా తినిన గ్రామముల పిల్లలు కొంచెము పొడుగైరి; ఇన్సులిన్ మాట వినని దోషము వారిలో నూటికి 20 పాళ్లు తక్కువగా నుండెను. 2008లో ఈ సంగతి లోకమునకు తెలిసినది. గర్భిణికి పెట్టిన గిన్నెడు ఉప్మా, పదునైదేండ్ల తరువాత బిడ్డ రక్తములో లెక్కకు వచ్చినదన్నమాట. కోడలు తినుచున్నదో లేదో చూడని యత్తగా రెవరైన నున్నచో ఈ పంక్తులు చదివి వినిపింపుడు.

కనుక మనకు కాటా ఒక్కటియే చాలదు, కొలతటేపు కావలెను. మన స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అనగా సుమారు 31½ అంగుళములు దాటరాదనియు, పురుషులకు 90 దాటరాదనియు వైద్యులు హద్దు పెట్టియున్నారు. ఎత్తుబరువుల లెక్కలో కూడ తెల్లవారికి 25 హద్దుకాగా మనకు 23 దాటగానే బరువెక్కువయని యెంచవలెను. కుట్టుమిషను సొరుగులోని టేపు ఇందుకు చాలును. చీరకుచ్చెళ్లు పోయు చోట గాక, ప్రక్కటెముకల చివరకును, తుంటియెముక పైయంచుకును నడుమ, ఊపిరి సహజముగా వదలినప్పుడు కొలువవలెను.

లావైనవారు బరువు తగ్గినచో గోలీలు ఎక్కువ కాలము నిలుచునా? నిలుచుటయే కాదు, కొందఱికి గోలీల యక్కఱయే తప్పినది. స్కాట్లండులోను, ఇంగ్లండు ఉత్తరభాగములోను 306 మందితో జరిపిన పరిశోధన ఫలితము 2017లో వెలువడినది. వ్యాధి వచ్చి ఆఱేండ్లు దాటనివారు, ఇన్సులిన్ పట్టనివారు, స్థూలకాయులు వీరు. సగము మందికి గోలీలు నిలిపి, మూడు మొదలు అయిదు నెలలు మిక్కిలి కొలతగా ఆహారమిచ్చి, పిమ్మట మెల్లగా మామూలు భోజనమునకు తెచ్చిరి. ఏడాదికి వీరిలో నూటికి 46 మందికి గోలీ లేకుండగనే చక్కెర హద్దులో నిలిచినది. 15 కిలోలు, అంతకు పైన తగ్గినవారిలోనైతే 86 మందికి! కాలేయములోను, క్లోమములోను పేరుకొన్న క్రొవ్వు కరగుటచే కణములు తేరుకొన్నవని ఆ పరిశోధకుల యభిప్రాయము.

అయితే రెండేండ్లకు ఆ 46 మంది 36 మందియైరి. ఏండ్లు గడచి బరువు తిరిగి వచ్చినకొలది ఇంకను తగ్గిరి. తగ్గుట కష్టము, తగ్గి నిలుచుట అంతకంటె కష్టము. పైగా అది వైద్యుని కనుసన్నలలో జరిగినది. గోలీ వేసికొనుచు ఇంటిలో తమంత తాము నిరాహారముండువారికి చక్కెర పడిపోయి ప్రాణము మీదికి వచ్చును. ఏకాదశి, శివరాత్రి, శ్రావణ శుక్రవారములు, రంజాను ఉపవాసములు పాటించు సోదరీమణులు గ్లిమిపిరైడ్ వంటి గోలీ వేసికొనువారైనచో ముందుగా వైద్యుని అడిగి మోతాదు మార్చుకొనక తప్పదు. చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడినచో వ్రతభంగమని వెనుదీయక వెంటనే చక్కెర నీళ్లు త్రాగవలెను.

అంత బరువు తగ్గలేనివారు నిరాశ చెందనక్కఱ లేదు. చెన్నపట్టణమున డాక్టరు రామచంద్రన్‌గారు, వ్యాధి రాకపూర్వపు దశలో నున్న 531 మందిని మూడేండ్లు పరీక్షించి 2006లో తెలిపినదేమనగా, ఏమియు చేయని తెగలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చెను. నడకయు, ఆహారనియమమును పాటించినవారిలో 39 మందికే వచ్చెను. విశేషమేమన్న, వీరి బరువు చెప్పుకోదగినంత తగ్గనేలేదు. కాటా కదలకున్నను నడక మేలు చేసినది. మా అత్తగారికి ఈ సంగతి చదివి చెప్పినప్పుడు, "గట్లయితే నడుస్త తియ్యి. తూకానికి భయపడి నడుసుడు బంద్ జేసిన" అనిరి.

ఇప్పుడు మా చిన్నత్తగారి వద్దకు వత్తును. తుదకు ఒకనాడు వాంతులై, ఊపిరి బరువై పడిపోగా జిల్లా కేంద్రములోని ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. మూత్రములో కీటోనులు కనబడినవి. ఇన్సులిన్ లేక దేహము చక్కెరను వాడుకొనలేనప్పుడు తన క్రొవ్వును, కండను తానే కరగించుకొనును; అప్పుడు పుట్టు విషపదార్థములివి. అక్కడి వైద్యురాలు చీటీ చూచి, ఇది ఎవరి పేరున నున్నదని అడిగెను. మేమెవ్వరమును మాటాడలేదు. సి-పెప్టైడ్ అను పరీక్షవలన ఆమె క్లోమములో ఊట దాదాపు ఇంకిపోయినట్లు తేలినది. పెద్దవయస్సున వచ్చినను ఇది కొందఱిలో దేహపు రక్షణశక్తియే పొరపాటున బీటా కణములను నాశనము చేయుటవలన కలుగు వ్యాధియనియు, అట్టివారు సాధారణముగా సన్ననివారనియు, గోలీలు వారికి కొలది యేండ్లకే చాలకపోవుననియు, ఇన్సులిన్ తప్పదనియు ఆమె చెప్పెను. మేము బరువు తగ్గినదని సంతోషించిన మూడు నెలలు ఆమె కండ కరగిన మూడు నెలలు.

కాబట్టి బరువు తగ్గుటలో రెండు తెఱగులున్నవి. తాను పూని, నడచి, తిండి కొలుచుకొని తగ్గుచు, చక్కెరయు తగ్గుచున్నచో అది మేలు. ఏ ప్రయత్నమును లేక దేహము చిక్కిపోవుచు, దాహమును, మూత్రమును, నీరసమును హెచ్చుచున్నచో అది గోలీ చాలుటలేదని దేహము వేయు కేక. ఆ కేక విన్న యింటివారు అన్నము తగ్గింపరాదు. ఆ వారములోనే వైద్యుని వద్దకు కొనిపోవలెను. ఇన్సులిన్ సూది యనగానే కడపటి దినములు వచ్చినవని ఏడ్చువారున్నారు. ఆ భయము నిజముగా ప్రాణాంతకము. చిన్నత్తగారు సూది పట్టిన నాలుగు నెలలకు ఆఱు కిలోలు పుంజుకొనిరి. పాత రవికెలు మరల సరిపోయినవి.

మా అత్తగారి చీటీ కూడ మారినది. మెట్‌ఫార్మిన్ నిలిపి, గ్లిమిపిరైడ్ తగ్గించి, డపాగ్లిఫ్లొజిన్ అను మందు చేర్చిరి. ఇది మూత్రపిండముల ద్వారా చక్కెరను బయటికి పంపునది. దీనితో రెండు మూడు కిలోల బరువు తగ్గును. 2020లో దీని పేటెంటు గడువు తీరినందున మన దేశమున వెల దిగివచ్చి సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. కాని మూత్రములో చక్కెర పోవుచుండుటచే స్త్రీలకు జననాంగములవద్ద దురద, బూజు రోగము కలుగవచ్చును. సిగ్గుచే దాచుకొని బాధపడువారు పలువురు. దాచుకొనరాదు, సులభముగా నయమగును. సన్ననివారికి, ఇన్సులిన్ లేమి గలవారికి ఈ మందు తగదు. వారిలో కీటోనులు పెరుగు ప్రమాదము కలదు. ఈ క్రొత్త గోలీ ఆ పాత డబ్బాలో పడి యుండినచో చిన్నత్తగారి గతి యేమయ్యెడిదో తలచినప్పుడు నాకు ఒడలు జలదరించును. తినకమునుపే ఆకలి చంపి బరువు బాగుగా తగ్గించు సెమాగ్లుటైడ్ కూడ 2022నుండి మన దేశమున గోలీగా దొరకుచున్నది గాని, వచ్చిన క్రొత్తలో దాని వెల చూచినచో ఆకలి వెల చూచినప్పుడే చచ్చెడిది.

మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడువారికి బి12 అను విటమిన్ తగ్గి అరికాళ్ల తిమ్మిరులు, నీరసము రావచ్చును. మాంసము, గ్రుడ్లు ముట్టనివారు మఱింత జాగ్రత్తపడవలెను. ఏటికొకసారి మూత్రపిండముల పరీక్షయు చేయించుకొనవలెను.

తిండి విషయమున మా ప్రాంతమువారికి ఒక భ్రమ కలదు. జొన్నరొట్టె చక్కెరవారి యాహారము గనుక ఎన్ని తినినను దోషము లేదని. తెల్లయన్నముకంటె అది మేలే. పీచు గలది, నిదానముగా అరుగును. కాని జొన్నయు పిండిపదార్థమే. నాలుగు రొట్టెలకు బదులు రెండు తిని, మిగిలిన చోట తాండూరు కందిపప్పును, ఆకుకూరను నింపినచో కడుపును నిండును, నడుమును పెరుగదు. ఇంకొక పాపము మన స్త్రీలందఱము చేయునది: పిల్లలు విడిచినది, మగవారు మిగిల్చినది పాఱవేయ మనసొప్పక కడపట మనమే తినివేయుట. మా అత్తగారి బరువులో గ్లిమిపిరైడ్ పాలు ఎంతో, ఆ మిగులన్నపు పాలును అంతకు తక్కువ యుండదని నా యనుమానము. ఇప్పుడు మిగిలినది గేదె కుడితిలో పోయుదుము.

ఆ బిస్కట్ల డబ్బా యిప్పుడు లేదు. అత్తగారి గోలీలకు ఎఱ్ఱ మూత సీసా, దానిమీద ఆమె పేరు. చిన్నత్తగారి ఇన్సులిన్ ఫ్రిజ్జు తలుపు అరలో, పెరుగు గిన్నెకు ప్రక్కన. ప్రతి నెల మొదటి ఆదివారమున ఇద్దరును పెరటిలో కంది బస్తాలు తూచు కాటా మీద ఒకరి తరువాత ఒకరు ఎక్కెదరు. నా కొడుకు గోడమీద బొగ్గుతో అంకెలు వ్రాయును. మొన్నటి నెల ఒకరు కిలో తగ్గిరి, ఒకరు అరకిలో పెరిగిరి. "నాది నీకు పోయినట్టుంది చెల్లె" అని మా అత్తగారు కాటా దిగుచు అనిరి.